చేరిన విద్యార్థి నిలుచుట యెట్లు?

ప్రతి సంవత్సరమును జూన్, జులై మాసములయందు మా కళాశాల వాకిట నొక దృశ్యము కనబడును. ఒక తండ్రియు, ఒక కుర్రవాడును, వారి నడుమ రేకుపెట్టె యొకటి. తండ్రిచేత ప్లాస్టిక్ సంచి. అందులో పదవతరగతి పత్రము, ఇంటర్మీడియేటు మార్కులపట్టీ, కులధ్రువీకరణము, ఆదాయపత్రము, ఆధారుకార్డు, బ్యాంకి పుస్తకము. వానలు పడుచుండును గనుక ఆ సంచిని ఆయన చొక్కా లోపల దాచుకొని తెచ్చును. చేర్పు ముగియును. తండ్రి నమస్కరించి, "మీకే అప్పజెప్పిన సార్" అని యొక్కమాట చెప్పి, చర్ల దారినో, గుండాల దారినో, చింతూరు దారినో పోవు మధ్యాహ్నపు బస్సెక్కును. ఈ మాట నేను ఎన్నియేండ్లుగా వినుచున్నానో లెక్కలేదు. అప్పజెప్పినదానిని పదిలముగా నుంచితివా యని యెవరైన నడిగినపుడు మాత్రము నాయొద్ద సరియైన సమాధానము లేదు.

చేరినవారి లెక్క మాకు కచ్చితముగా తెలియును. 2016వ సంవత్సరము మొదలు తెలంగాణమున డిగ్రీ ప్రవేశములు మిక్కిలి భాగము దోస్త్ అను ఒక్క వాకిటిగుండ జరుగుచున్నవి కావున, ఏ కళాశాలలో ఏ శాఖయందు ఎందరు చేరిరో మీట నొక్కినంతనే తెరపై వచ్చును. విడిచిపోయినవారి లెక్క అట్లు రాదు. వారెవ్వరును మాయొద్దకు వచ్చి, మేము పోవుచున్నామని చెప్పి పోరు. బతుకమ్మకు, దసరాకు ఇంటికి పోదురు. సెలవులు తీరి కళాశాల తెరతుము. మొదటివారము కొందరు రారు. బస్సు దొరకలేదేమో యనుకొందుము. రెండవవారమును రారు, పత్తి యేరుచున్నారేమో యనుకొందుము. ఆ పిమ్మట అనుకొనుటయు మానుదుము. హాజరుపట్టీలో పేరుండును, పేరునకెదుట సున్నలుండును, మనిషి యుండడు.

నేను ఈ పూట చెప్పదలచినది ఈ సున్నలను గూర్చియే. కళాశాలలో చేర్చుటను గూర్చి మనదేశమున చాలినంత ఆలోచన జరిగినది. ఉపకారవేతనములు 1944వ సంవత్సరమున షెడ్యూల్డు కులములవారి కొరకు ఆరంభమై, తరువాత గిరిజనులకును లభించినవి. వసతిగృహములు కలవు. 2017 నుండి గిరిజన సంక్షేమ గురుకుల డిగ్రీ కళాశాలలు తెలంగాణమున వెలసినవి. ములుగునందు సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమునకు 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదము దొరకినది. ద్వారములు తెరచియే యున్నవి. లోనికి వచ్చినవాడు లోననే నిలుచుటకు ఏమి చేయవలెననునది మాత్రము, నా యెరుకలో, ఎవరి పనియు కాకుండ మిగిలిపోయినది.

మొదట ఈ సీమను గూర్చి రెండుమాటలు చెప్పవలెను. ఖమ్మమునకు దక్షిణమున సాగరు ఎడమకాలువ పారు నేలలు వేరు. కొత్తగూడెపు బొగ్గుగనులు దాటి, కిన్నెరసాని దాటి, గోదావరి యొడ్డునకు వచ్చుసరికి నేలయు వేరు, భాషయు వేరు. కోయలు, కొండరెడ్లు, నాయకపోడులు, లంబాడీలు నివసించు గూడెములు, తండాలు అడవి యంచున పరచుకొని యున్నవి. ఈ సీమపై పాలకులు గీసిన గీతలు పలుమార్లు మారినవి. భద్రాచలము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో నుండి, ఆ యేట ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తము చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములును, భద్రాచలము పట్టణము తప్ప ఆ మండలపు గ్రామములును ఆంధ్రప్రదేశమున కలిసినవి. 2016 అక్టోబరు 11వ తేదీన భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడినది.

ఈ గీతలకును చదువునకును సంబంధమేమని మీరడుగవచ్చును. ఎటపాక, పురుషోత్తమపట్టణము భద్రాచలమునకు ఆనుకొనియే యున్నవి. అంగడికి వచ్చినట్లు నడచి రావచ్చును. ఆ యూరి పిల్లకు డిగ్రీ చదువన భద్రాచలమే. కాని ఆమె కులపత్రము ఒక రాష్ట్రముది, కళాశాల మరియొక రాష్ట్రముది. స్థానికురాలా కాదా, ఉపకారవేతనము నెవరీయవలెను, దరఖాస్తు ఏ ప్రభుత్వమువారి తెరపై నింపవలెను అను చిక్కులను పదునెనిమిదేండ్ల పిల్ల తానొక్కతెయే విప్పుకొనవలెను. మేము ఆమెకు మొదటి పాఠముగా ద్రవ్యోల్బణమును బోధించుచుందుము.

ఇక ఆశ్రమపాఠశాల సంగతి. మా విద్యార్థులలో పెక్కురు చిన్నతనమునుండి ఆశ్రమపాఠశాలలలోను, గురుకులములలోను పెరిగినవారు. అచ్చట తెల్లవారకముందే గంట మ్రోగును. స్నానమునకు గంట, అన్నమునకు గంట, చదువునకు గంట, నిద్రకు గంట. జ్వరము వచ్చినచో వార్డెను చూచును. ఒకపూట కనబడనిచో వెదకుదురు. పదిపండ్రెండేండ్లు అట్లు పెరిగిన కుర్రవాడు ఒక్క వేసవి గడచునంతలో మా కళాశాలకు వచ్చును. ఇచ్చట ఒక గది తరువాత మరియొక గదికి తానే పోవలెను. పోకపోయినను ఎవ్వరు నడుగరు. ఆ స్వేచ్ఛ వానికి సంతోషమునే కలిగించునని నేను చాలకాలము భ్రమపడితిని. వానికి కలుగునది భయము. నన్నెవ్వరు నడుగుటలేదు కావున నేను ఇచ్చటివాడను కాను అని వాడు లోలోన ననుకొనును. ఈ మాట నాకు ఒక విద్యార్థియే చెప్పినాడు. నేను కనిపెట్టినది కాదు.

భాషయొక్క భారము దీనిపైన. కోయభాష గోండికి చుట్టము. ఇంట కోయ, బడిలో తెలుగు, ఇప్పుడు తరగతిలో ఆంగ్లము. తెలుగే రెండవభాషయైన వానికి ఆంగ్లము మూడవమెట్టు. మొదటి నెలలో వెనుకబెంచీలయందు కూర్చుండి తలయూపువారిని చూచి, అర్థమగుచున్నదని నేననుకొనెడివాడను. తలయూపుట మర్యాద, అర్థమగుట వేరు.

కాలము మాట యొకటి కలదు. విశ్వవిద్యాలయపు పంచాంగము ఒకటి, అడవి పంచాంగము మరియొకటి. జులై, ఆగస్టులలో వాగులు పొంగును. 2022 జులై 16వ తేదీన గోదావరి భద్రాచలమువద్ద 71 అడుగులు దాటి పారినది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంతటి నీరు చూడలేదు. 53 అడుగులకే మూడవ హెచ్చరిక నిత్తురు. అట్టి దినములలో కళాశాలకు రాని పిల్లవానిని ఎందుకు రాలేదని యడుగుటయే నవ్వులాట. నీరు తీసిన పిదప దసరా, దసరాతో పత్తి. సంక్రాంతి దాటగా మిరపకోత. కూలి నగదుగా నిత్తురు. రెండేండ్ల కొకమారు మేడారము జాతర. చైత్రము వచ్చుసరికి ఇప్పపూవు. ఆ వెంటనే తునికాకు. తునికాకు కోయు దినములును, మా రెండవ సెమిస్టరు దినములును ఒకదానిపై నొకటి పడును. ఒక కుటుంబమునకు ఏడాది మొత్తముమీద చేతికి వచ్చు రొక్కములో ఆకు సొమ్ము ముఖ్యమైనది. ఆ దినములలో ఇంటికి పోని కుమారుడు చదువుకొనువాడని కాదు, పనికిరానివాడని యూరిలో పేరు పొందును.

నా తప్పు నొకదానిని ఇచ్చట చెప్పుకొనక తప్పదు. కొన్నియేండ్ల క్రిందట నా తరగతిలో దుమ్ముగూడెము వైపునుండి వచ్చిన కోయ యువకుడొకడుండెను. లెక్కలలో చురుకైనవాడు, మాటలలో కాదు. మొదటి సెమిస్టరులో రెండు పత్రములు తప్పెను. ఫలితములు గోడకు అంటించిన దినమున నేను వరండాలో త్వరత్వరగా నడచిపోవుచుండగా వాడు అడ్డమువచ్చి, "సార్, ఇగ నేను రావచ్చా?" అని యడిగెను. వాని ప్రశ్న నాకు అర్థము కాలేదు. ఆనాటి తరగతికి ఆలస్యముగా రావచ్చునా యని యడుగుచున్నాడనుకొని, "రూల్సు బోర్డుమీద ఉన్నవి, చూసుకో" అని చెప్పి పోయితిని. వాడు బోర్డు చూచెనో లేదో తెలియదు. మరునాటినుండి రాలేదు.

మరుసటి వేసవిలో ఎన్.ఎస్.ఎస్. పనిమీద ఆ వైపు పోయి, ఒక గూడెము చివర తునికాకు కల్లమునొద్ద ఆగితిని. ఆకులను కట్టలుగా పేర్చి యెండబెట్టియుండిరి. కట్టకు 50 ఆకులు. కల్లేదారు ప్రక్కన కూర్చుండి లెక్క వ్రాయుచున్నవాడు నా విద్యార్థియే. లేచి నిలుచుండి, నాకు మంచినీళ్లు తెప్పించెను. కళాశాల ఎందుకు మానితివని యడిగితిని. "ఫెయిలైన గద సార్" అనెను. ఇంటర్మీడియేటులో తప్పినవాడు పై తరగతికి పోలేకపోవుట వాడు చూచియున్నాడు. డిగ్రీలో ఒకటి రెండు పత్రములు తప్పినను తరువాతి సెమిస్టరులో కూర్చుండవచ్చుననియు, తప్పిన పత్రములను మరల వ్రాసికొనవచ్చుననియు వానికెవ్వరును చెప్పలేదు. ఆ నియమమునకు "బాక్‌లాగు" అని మేము పెట్టుకొన్న పేరును వాడు వినియుండెను. అది యొక శిక్ష యని తలచెను. వరండాలో వాడడిగిన ప్రశ్నకు "రావచ్చు, రేపు తొమ్మిదింటికి రా" అనునది సమాధానము. నాలుగు మాటలు.

ఇప్పుడైనను తిరిగి చేరవచ్చునని చెప్పితిని. ఏ కాగితములు కావలెనో వ్రాసి యిచ్చితిని. ఆలోచించి చెప్పెదననెను. ఆకు కాలము ముగిసినది, వానలు వచ్చినవి, వాడు రాలేదు. లెక్క చక్కగా వ్రాయుచున్నాడని ఆ తరువాత విన్నాను.

అప్పటినుండి ఈ విషయమును గూర్చి ఇతరదేశములవారు ఏమి చేసిరో చదువుట మొదలుపెట్టితిని. అమెరికాదేశమున ఈ చింత పాతది. బోస్టను విశ్వవిద్యాలయము 1888లోనే క్రొత్త విద్యార్థులకు కళాశాలా జీవితమును పరిచయముచేయు తరగతులను పెట్టెను. దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయము కథ చిత్రమైనది. 1970లో అచ్చటి విద్యార్థులు అలజడి చేసి అధ్యక్షుని కార్యాలయమును ముట్టడించిరి. థామస్ జోన్సు అను ఆ అధ్యక్షుడు కోపగింపక, వీరికి ఈ సంస్థమీద ప్రేమ ఎందుకు లేకపోయెనని ఆలోచించి, 1972లో మొదటి సంవత్సరపు వారికి "యూనివర్సిటీ 101" అను పాఠ్యాంశమును నెలకొల్పెను. జాన్ గార్డనరు దానిని బహుకాలము నడపెను. చిన్న గుంపులు, ఒక్కొక్క గుంపునకు ఒక ఉపాధ్యాయుడు, పాఠమేమనగా కళాశాలలో నుండుట యెట్లు అనునదియే. 1975లో విన్సెంటు టింటో అను పండితుడు, విద్యార్థి విడిచిపోవుటకు వాని తెలివితక్కువయే కారణమను వాదమును ప్రక్కకు నెట్టి, కళాశాలయందలి మనుష్యులతోను చదువుతోను వానికి ముడి పడెనా లేదా యను ప్రశ్నను ముందుకు తెచ్చెను.

అన్నింటికంటె నన్నాకర్షించినది న్యూయార్కు నగర విశ్వవిద్యాలయమువారు 2007లో ఆరంభించిన ఏశాప్ అను పథకము. పేద కుటుంబములనుండి రెండేండ్ల కళాశాలలకు వచ్చువారి కొరకు దానిని పెట్టిరి. ఇతర విద్యార్థులకు అనేక వందలమందికి ఒక సలహాదారుండగా, ఈ పథకములో 60 మొదలు 80 మందికి ఒకనిని నియమించిరి. విద్యార్థి మాటిమాటికి ఆ సలహాదారుని కలిసికొనవలెను. చదువు నిలుపుకొను విధమును నేర్పు తరగతి యొకటి. పుస్తకములు ఉచితము, రుసుములో తగ్గినది వారే భరింతురు. మరియు నగరపు రైళ్లకు, బస్సులకు ఉచితపు టిక్కెట్టు. 2015లో ఎండీఆర్‌సీ అను పరిశోధనసంస్థ ఫలితములను ప్రకటించినది. చీట్లు వేసి ఎన్నినట్లు విద్యార్థులను రెండు గుంపులుగా విభజించి చూడగా, మూడేండ్లలో పట్టము పొందినవారు మామూలు గుంపున నూటికి 22, ఈ గుంపున నూటికి 40. ఒక్కొక్క విద్యార్థిపై ఖర్చు హెచ్చినమాట నిజము. కాని పట్టము పొందినవా రధికులగుటచే పట్టమొక్కింటికి పడిన వ్యయము తగ్గెను. అర్ధాంతరముగా మానినవానిపై పెట్టిన ధనమంతయు గోదావరిలో పోసినట్లే గదా.

ఆ పథకములో నాకు మిక్కిలి నచ్చినది బస్సు టిక్కెట్టు. పెద్ద విద్యావేత్తలు కూర్చుండి ఆలోచించి, చివరకు ఆ పిల్లవాడు కళాశాలకు వచ్చుటకు చేతిలో డబ్బున్నదా యను ప్రశ్నకు వచ్చిరి. మన తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పేర స్త్రీలకు ఆర్.టి.సి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచితప్రయాణము లభించుచున్నది. దానిని ఎవరే దృష్టితో చూచినను, నా తరగతిలోని ఆడపిల్లలకు అది పాఠ్యపుస్తకముకంటె ఎక్కువ పని చేసినది. కాని బస్సు ఉచితమైనంతమాత్రమున చాలదు, బస్సు రావలెను. ఉదయమున ఒక్క బస్సు, సాయంకాలమున ఒక్క బస్సు వచ్చు ఊరినుండి వచ్చువారికి చివరి తరగతి యెన్నటికిని దక్కదు. మా కాలపట్టికలో కఠినమైన పాఠమును చివరి గంటకు పెట్టుట మానితిమి. ఇంతటి చిన్నపనికి ఎవరి యనుమతియు అక్కరలేకపోయెను.

పరదేశపు మాటలే చెప్పుచున్నానని మీరనుకొనకుండుగాక. మనలోను ఇట్టి తలంపు లేకపోలేదు. 1918వ సంవత్సరమున హైదరాబాదునందు రాజబహద్దరు వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి వసతిగృహము వెలసినది. ఉర్దూ రాజ్యమేలు నగరమునకు పల్లెలనుండి వచ్చిన తెలుగు పిల్లలకు అది నీడ. సురవరము ప్రతాపరెడ్డిగారు కొంతకాలము దానికి కార్యదర్శిగా నుండిరి. ఆ నీడన చదివి పైకివచ్చినవా రెందరో. ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో 1943లో హైమెన్‌డార్ఫు పండితుని ప్రేరణచే గోండు పిల్లలకు చదువు చెప్పుటకు గోండులనే ఉపాధ్యాయులుగా తర్ఫీదు చేసిరి. తన భాష మాటలాడు మనుష్యుడు బడిలో నొక్కడైన నుండవలెననునది వారి యెన్నిక. ఎనుబదియేండ్లు గడచిన పిదప నేను ఆ మాటనే క్రొత్తగా కనుగొన్నట్లు సంబరపడితిని.

ఇక మేము చేయుచున్న దానిని చెప్పెదను. అది గొప్పది కాదు. విశ్వవిద్యాలయముల నిధిసంఘము 2019లో దీక్షారంభ్ అను పేర క్రొత్త విద్యార్థులకు పరిచయ కార్యక్రమము జరుపవలెనని మార్గదర్శకములను వెలువరించినది. ఉద్దేశము మంచిది. కాని ఒక సభ, ఒక శాలువ, విజయమును గూర్చి ఒక ధారాళమైన ఉపన్యాసము — వీనితో దానిని ముగించినచో, పిల్లలు చప్పట్లు కొట్టి పోదురు. విజయమును గూర్చి మాటలాడువారికి మనలో ఎన్నడును కొదువలేదు. విజయముమాట అటుండనిచ్చి, మేము వారమునకు ఒక గంట తీసికొని, మొదటి సెమిస్టరు పొడుగున చిన్న సంగతులను చెప్పనారంభించితిమి.

మొదటివారమున కాలపట్టిక చదువుట. నవ్వకుడు, దానిని చదువలేక పదిదినములు తప్పుగదిలో కూర్చున్నవాడున్నాడు. తరువాత సెమిస్టరన నేమి, క్రెడిటన నేమి, అంతర్గత పరీక్ష మార్కులు ఎట్లు కలుపుదురు, నూటికి 75 హాజరు లేనిచో పరీక్షకును ఉపకారవేతనమునకును ఏమగును. ఉపకారవేతనపు దరఖాస్తును ఈ-పాస్ తెరపై ఎవరి చేతితో వారే నింపునట్లు ఒకదినము కంప్యూటరు గదిలో కూర్చుండబెట్టుదుము. బ్యాంకి ఖాతా ఆధారుతో ముడిపడకపోవుటచేత సొమ్ము నిలిచిపోయినవారు ఆ గదిలోనే బయటపడుదురు. ఒకవారము గ్రంథాలయమున. ఒకవారము, పాఠము వినుచు వ్రాసికొనుట యెట్లు. ఒకవారము, ఉపాధ్యాయుని ప్రశ్న యడుగుట. ఇది యన్నింటికంటె కష్టము, వారికంటె మాకు. మరియు మొదటి పరీక్షకు చాల ముందుగానే ఒకవారమంతయు తప్పుటను గూర్చి. తప్పినచో ఏమగును, మరల ఎప్పుడు వ్రాయవచ్చును, రుసుమెంత, ఎవరినడుగవలెను. ఆ గంటను నేనే తీసికొందును. కల్లమునొద్ద లెక్కవ్రాయు యువకుని కథను పేరుచెప్పక చెప్పుదును.

సలహాదారుల సంగతి యింకొకటి. ప్రతి అధ్యాపకునకు కొందరు విద్యార్థులను అప్పగించు ఏర్పాటు చాల కళాశాలలలో నున్నది. దానికొక దస్త్రమును గలదు. న్యాక్ సంఘమువారు వచ్చు నెలలో ఆ దస్త్రము తెరచుకొనుట కద్దు. నేనును అట్లే పాత తేదీలు వేసి పుటలు నింపినవాడనే, సిగ్గుపడి చెప్పుచున్నాను. ఇప్పుడు దస్త్రమునకు బదులు నాయొద్ద ఒక చిన్న నోటుపుస్తకము కలదు. పేరు, ఊరు, ఏ బస్సు, ఇంట ఎవరెవరు, ఇంటిభాష, సెల్లు నంబరు — సిగ్నలు లేని ఊరైనచో ఎవరిద్వారా కబురు చేరును. మూడుదినములు వరుసగా రానివానికి నాలుగవదినము కబురుపోవలెనని నియమము. తిట్టుటకు కాదు; ఏమైనదని యడుగుటకు. మరియు రెండవ, మూడవ సంవత్సరముల వారిలో కోయ మాటలాడు వారిని, లంబాడీ మాటలాడు వారిని క్రొత్తవారికి అన్నగా, అక్కగా నియమించితిమి. మాతో ఒక నెలకుగాని చెప్పని సంగతిని వారితో ఒక సాయంకాలమున చెప్పుదురు. వసతిగృహమున అన్నము సరిగా లేదనుట మొదలు, ఇంట పెండ్లి నిశ్చయించినారనుట వరకు.

ఇందువలన అందరును నిలిచిరని నేను చెప్పజాలను. ఉపకారవేతనము నెలలకొలది ఆలస్యమైనపుడు మా నోటుపుస్తకము ఏమియు చేయలేదు. తండ్రి మంచమెక్కినపుడు పెద్దకొడుకును ఏ సలహాయు ఆపలేదు. ఆపుట న్యాయమును కాదేమో. సహోద్యోగులలో కొందరు, "పదునెనిమిదేండ్ల వారిని చేయిపట్టి నడపిన, వారెప్పుడు పెద్దవారగుదురు?" అని యందురు. ఆ మాటను నేను కొట్టివేయను. కాని పట్టణపు పిల్లవానికి ఈ నియమములన్నియు ఇంటనే తెలిసియుండును. వాని అన్న చదివినాడు, మేనమామ చదివినాడు, ప్రక్కింట లెక్చరరున్నాడు. వానిని చేయిపట్టి నడపినవారు మనకు కనబడరు, అంతియే భేదము. ఇంటిలో మొదట కళాశాల గడప త్రొక్కినవానికి ఆ మేనమామ లేడు. కొంతకాలము కళాశాలయే మేనమామ కావలెను.

ఈ సంవత్సరము దసరా సెలవులు తీరిన పిదప నా పట్టికలో ఇద్దరు రాలేదు. ఒకని సంగతి తెలిసినది. జ్వరముతో పడియుండి, లేచి వచ్చినాడు. రెండవది చర్ల వైపు గూడెపు పిల్ల. ఆమె ఊరికి సెల్లు సిగ్నలు లేదు. ఉత్తరము వ్రాసి, ఆ దారిని పోవు బస్సు కండక్టరు చేతికిచ్చితిని. అది అందెనో లేదో ఇంకను తెలియలేదు. జులైలో మొదటి గంటయందు ఎవరి యింటిని గూర్చి వారు చెప్పుడన్నపుడు, తన తండ్రి పత్తిచేనివద్ద మంచెమీద రేడియో పెట్టుకొని వినునని ఆమె చెప్పియుండెను. కావున ఆ యుత్తరములోని మాటనే ఇచ్చటను చెప్పుచున్నాను. అమ్మాయీ, పరీక్షరుసుము గడువు ఇంకను దాటలేదు. హాజరు తక్కువైనను దానికి దారి కలదు. పత్తి రెండవ యేరుడు ముగిసినంతనే ఉదయపు బస్సున రమ్ము. నేను తొమ్మిది గంటలకు వరండాలోనే యుందును.